మోడు కొట్టలేదు

ఈవేళ కొబ్బరితోటలో దింపు. కాయలన్నీ గుట్టేశాక దింపాయన కాలవగట్టు మీదున్న మోడు చూపించి, "దీన్నీ కొట్టేద్దామాండీ, ఎలాగూ చచ్చిందే కదా" అన్నాడు. ఎర్రముక్కు పురుగు పట్టి తల ఊడిపోయిన చెట్టది. సరే అనబోతుంటే పైన టకటకమని చప్పుడు.

వడ్రంగిపిట్ట. వీపంతా పచ్చటి పసుపు, నుదుటి నుంచే ఎర్ర జుట్టు, అంటే మగది. తోకని మానుకి ఆనించి తల తొర్రలో పెట్టి, ముక్కుతో పొట్టు తెచ్చి విదిలిస్తోంది. కొంత నా భుజం మీద పడింది, మెత్తగా, తడితడిగా.

ఇది మన దగ్గర అరుదేం కాదు. కానీ అమెరికాలో రెడ్ కాకేడెడ్ అనే వడ్రంగిపిట్ట గురించి ఈమధ్య చదివినప్పట్నుంచీ ఈ చప్పుడు వింటే ఆగిపోతున్నాను. అది బతికున్న ముసలి పైన్ చెట్టులోనే తొర్ర తొలుస్తుందట, ఒక్కోదానికి ఏళ్లు పడుతుంది, చుట్టూ చిన్న చిన్న గంట్లు పెట్టి జిగురు కార్పిస్తుంది, పాము ఎక్కకుండా. మగపిల్లలు కొన్ని ఇల్లొదిలి వెళ్లకుండా తర్వాతి పిల్లలకి మేత పెడతాయి. ఆ అడవులు నరికేశాక 1970లో అంతరించిపోతున్న వాటి జాబితాలోకి ఎక్కింది. 1989లో హ్యూగో తుఫాను దక్షిణ కరోలినా అడవిలో దాని గూళ్లున్న చెట్లని చాలావరకు కూల్చేస్తే, అక్కడివాళ్లు నిచ్చెనలేసుకుని ఎక్కి, మిగిలిన చెట్లకి గంటు కోసి చెక్క గూళ్లు బిగించారు. 2024లో దాని పరిస్థితి కాస్త మెరుగైందని ఆ జాబితాలో ఒక మెట్టు కిందికి దించారు.

మాకూ 96 నవంబరు తుఫాను వచ్చింది. ఒక్క రాత్రిలో కోనసీమ తోటలు పడుకుండిపోయాయి. పరిహారం కోసం తిరిగాం, మొక్కలు వేసుకున్నాం, ఆ మానుల్లో ఉన్న పిట్టలు, చిలకలు, గోరింకలు ఏమయ్యాయని ఇంట్లో ఒక్కరం అడగలేదు. ఆ మాట ఇవాళ పొట్టు దులుపుకుంటుంటే గుర్తొచ్చి చాలా బాధేసింది.

"పిల్లలు ఎగిరేదాకా ఉంచండి" అన్నాను.

"ఆయ్, మీ ఇష్టమండి. గట్టి గాలొస్తే మాత్రం పడిపోద్ది."

అదీ నిజమే. మోడు నీడన కట్టే గేదెని తీసుకెళ్లి అవతలి చెట్టుకి కట్టాను.