పెద్దనాయన హెరాల్డు విప్పితే బయటపడ్డ రిపేర్లు

మిర్యాలగూడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెద్దనాయన స్టాండర్డ్ హెరాల్డు పదిహేడేండ్లు కదలకుండా నిలబడి ఉంది. రెండు తలుపుల కారు, 948 సీసీ ఇంజిన్. సాగర్ డ్యాం పనుల్లో చేసిన ఒక ఓవర్సీరు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలాక బదిలీ మీద పోతూ పెద్దనాయనకు అమ్మాడట. పెద్దనాయన పోయాక దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని మొదలుపెట్టాను. బోరు మోటార్ల వైండింగ్ షాపు నాది. పానాలు కొత్త కాదు గానీ కారు కొత్త.

హెరాల్డు మద్రాసులో 1961 నుంచి తయారైంది. మూలం ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డు, దాని రూపం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి. బానెట్టు, ముందు మడ్‌గార్డులు కలిపి ఒకే ముక్కగా ముందుకు లేస్తాయి. లేపితే ముందు చక్రాలు, సస్పెన్షన్ అంతా కళ్ళ ముందుంటుంది. అట్లా లేపిన మొదటి రోజే నాకు నచ్చనివి చాలా కనబడ్డాయి. పెట్రోలు కారకుండా ట్యాంకు అతుకు మీద రుద్దిన సబ్బు రాయిలా గట్టిపడి ఉంది. ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం. లూకాస్ కంపెనీ వైరింగులో బ్యాటరీ నుంచి వచ్చేది గోధుమ రంగు, ఇగ్నిషన్‌ది తెలుపు, ఎర్త్ నలుపు. ఈ బండిలో సగం వైర్లు ఇంటి కరెంటుకు వాడే ఎరుపు, నలుపు జతలే. ఏది ఎటు పోతుందో తెలుసుకోవడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

అన్నిటికంటే కంటికి ఎబ్బెట్టుగా ఉన్నది ఇంజిన్ నుంచి బ్యాటరీ దాకా లాగిన వెల్డింగ్ మిషన్ కేబులు. బొటనవేలంత లావు. దాన్ని పీకి అవతల పడేశాను. సాయంత్రం కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాను. మోటారు ఒకసారి మూలిగింది, అంతే. డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. డ్యాష్‌బోర్డు నుంచి కార్బురేటరుకు పోయే చోక్ వైరు మీది తొడుగు నా కళ్ళ ముందే మెత్తబడి, బుడగలు లేచి, కారిపోయింది. చేత్తో పట్టుకుంటే వేలు కాలింది.

అప్పుడు అర్థమైంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, అది బాడీకి తగలదు. దాన్ని బాడీతో కలిపే ఎర్త్ పట్టీ ఎప్పుడో తెగిపోయింది. ఆ లోటు తీర్చడానికే ఎవరో ఈ కేబులు వేశారు. నేను దాన్ని తీసేసరికి సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా తిరిగి పోవడానికి కార్బురేటరుకు తగిలి ఉన్న సన్నటి చోక్ వైరే దొరికింది. రోజూ మోటార్లతో పనిచేసే వాణ్ణి, ఆ కేబులు ఎందుకుందని ఒక్క నిమిషం ఆలోచించాల్సింది. ఆ రోజు నుంచి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. వింత రిపేరు కనబడితే ముందు ఫొటో, తర్వాత అది ఏ బాధకు వేసిన మందో రాసుకోవడం, ఆ తర్వాతే పానా.

అట్లా రాసుకుంటూ పోతే థర్మోస్టాటు, అంటే ఇంజిన్ వేడిని బట్టి నీళ్ళను రేడియేటరుకు వదిలే కవాటం, లేకపోవడానికీ కారణం దొరికింది. ఇంజిన్ బ్లాకు పక్కనున్న రేకు మూతలు కొట్టి తీస్తే, లోపల నీళ్ళు తిరిగే దారుల్లో తెల్లగా సున్నం పేరుకుని ఉంది. మా నల్గొండ బోరు ఉప్పునీళ్ళు ఏండ్ల తరబడి పోస్తే అంతే మరి. బండి వేడెక్కుతుంటే థర్మోస్టాటు పీకేశారు, సున్నం జోలికి ఎవరూ పోలేదు. కడ్డీతో గీకి, ఫిల్టరు నీళ్ళు పోసి, మళ్ళీ థర్మోస్టాటు పెట్టాం.

ఇక భయపెట్టింది కుడి ముందు చక్రం. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొస మరలతో ఒక కంచు దిమ్మెలోకి దిగుతుంది, దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా చక్రం తిరిగేది ఆ మరల మీదనే. అందులో పోయాల్సింది తొంభై నంబరు గేరాయిల్. దీంట్లో ఏండ్లుగా గ్రీజు కొట్టారు. అది గట్టిపడి కింది మరలకు చేరలేదు, నీళ్ళు చేరాయి. దిమ్మె విప్పితే తుప్పు, దాని పైన కడ్డీ మెడ చుట్టూ వెల్డింగు చుక్కలు. రాపిడి కాగితంతో మెరుగు పెట్టి భూతద్దం పెడితే వెల్డింగు అంచున వెంట్రుక లాంటి పగులు. నడిచేటప్పుడు ఆ మెడ విరిగితే చక్రం బండి కిందికి మడుచుకుంటుంది.

మా షాపు పక్క సందులో యాభై ఏండ్లుగా బండ్లు చూస్తున్న చాచాను పిలుచుకొచ్చాను.

"గ్రీజు గన్ను పట్టేటట్టు ఉంటది గదా బేటా, ఎవలైన గ్రీజే కొడ్తరు," అన్నాడు. తర్వాత ఆ పగులు మీద గోరు పెట్టి చూసి, "ఇది నడిచింది గాదు, దేవుడు నడిపిచ్చిండు."

ఈ ఒక్క రిపేరును మాత్రం క్షమించలేకపోయాను. కడ్డీలు, దిమ్మెలు రెండు వైపులవీ మార్చాను. ఇక్కడ దొరకలేదు. అయితే హెరాల్డు షాసీ, అంటే అడుగు చట్రం, ఆధారంగానే 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు కట్టారు, దాన్ని 1980 దాకా చేశారు. ఆ కారును ప్రేమించేవాళ్ళ పుణ్యమా అని ఇంగ్లండులో ఈ ముక్కలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. కుడివైపుది కుడికి తిప్పితే బిగిసే మర, ఎడమవైపుది ఎడమకు తిప్పితే బిగిసే మర. ఆర్డరు పెట్టేటప్పుడు ఇది చూసుకోవాలి.

చివరి పని బాడీ. హెరాల్డుకు షాసీ వేరు, బాడీ వేరు, మధ్యలో రబ్బరు మెత్తలు ఉంటాయి. ఈ బండిలో ఆ మెత్తల చోట రైసు మిల్లు బెల్టు ముక్కలు ఉన్నాయి, మా ఊళ్ళో దేనికి కొరత ఉన్నా వాటికి లేదు. ఒక్కో చోట ఒక్కో మందం. ఒకచోట రెండు పొరలు, వెనక మూలన మూడు. అన్నీ తీసి ఒకే మందం కొత్త రబ్బరు వేశాను. ఎడమ తలుపు పడలేదు, ఎత్తి పట్టుకుంటే తప్ప గొళ్ళెం అందలేదు. చాచా షాసీ పొడుగునా దారం లాగి చూపించాడు. వెనకవైపు కొద్దిగా కుంగింది. ఆ కుంగు కొలిచి, దానికి సరిపడా బెల్టు కోసినవాడు ఎవడో గానీ చేయి తిరిగినవాడు.

నోటు పుస్తకంలో ఏ మూలన ఎన్ని పొరలో రాసి ఉంది. అట్లాగే కోసి వేశాం. తలుపు కీలు కింద రేకులా అరిగిన పాత పది పైసల బిళ్ళ ఒకటి మధ్యలో చిల్లు కొట్టి దొరికింది. దాన్ని కూడా తుడిచి, ఉన్నచోటే పెట్టి బోల్టు బిగించాను. తలుపు వేలితో నెడితే పడింది.