మూత తీయకు, తాతయ్యా

మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు సగంలో ఉంది. రెండు మూడు కిలోమీటర్లు పోయేసరికి ఎర్రగీత వైపు జరిగింది. మే నెల మధ్యాహ్నం, 41 డిగ్రీల ఎండ. 11 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ వంతెన మీద ఆగడానికి నీడా లేదు, చోటూ లేదు. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన నాన్న, వెనక పన్నెండేళ్ళ మా అబ్బాయి. శంషాబాద్‌లో పిన్ని ఇంటికి భోజనానికి బయలుదేరాం.

నాన్న ఏసీ ఆపమన్నారు. ఆపాను. వెనకనుంచి వాడు, "హీటర్ వెయ్యి, అమ్మా" అన్నాడు. మనవడికి వడదెబ్బ తగిలిందేమో అన్నట్టు చూశారు నాన్న. పదిహేనేళ్ళుగా ఆయన నడుపుతున్న ఆ కారులో హీటరు మీట ఎరుపు వైపు ఒక్కసారి కూడా కదిలి ఉండదు.

మేముండేది మినియాపొలిస్‌లో. మైనస్ 25 డిగ్రీల పొద్దున ఇంజన్ వేడెక్కేదాకా లోపలికి వెచ్చటి గాలి రాదని స్కూలుకు వెళ్ళే పిల్లలందరికీ తెలుసు. ఆ వెచ్చదనం ఇంజన్ నుంచి లాక్కున్నదే కాబట్టి హీటర్ వేస్తే ఇంజన్‌కు కాస్త ఊరట. వేశాను. వాడు ముందుకు వంగి చెయ్యి పెట్టి, "వేడిగా లేదే! ఉత్త బయటి గాలి" అన్నాడు. ఇంజన్ ఉడుకుతున్నా హీటర్‌కు వేడి అందడం లేదంటే అక్కడిదాకా కూలెంట్, అంటే ఇంజన్ వేడిని మోసుకుపోయే ద్రవం, రావడం లేదన్నమాట. అయిపోయి ఉండాలి, లేదా మధ్యలో గాలి అడ్డుపడి ఉండాలి.

కిందికి దిగి ఒక వేపచెట్టు కింద ఆపాం. బానెట్ ఎత్తగానే నాన్న తుండుగుడ్డ తీసి రేడియేటర్ మూత మీద వేశారు. "మూత తీయకు, తాతయ్యా!" అని వాడు అరిచిన అరుపుకు పక్కనున్న చెరుకురసం బండివాడు కూడా ఆగిపోయాడు. వాడిది నిజమే. మూత బిగించి ఉన్నంతసేపూ ఒత్తిడి వల్ల ఆ ద్రవం 120 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతుంది. మూత తీసిన మరుక్షణం మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. నాన్న మాట్లాడకుండా తుండుగుడ్డ మడత పెట్టుకున్నారు. మనవడు తన మీద అరవడం ఆయనకు అదే మొదటిసారి.

అంతకుముందు వారమే వాటర్ పంప్ కారుతుంటే మార్పించారు. ఆ మెకానిక్‌కే ఫోన్ చేసి వంతెన పిల్లర్ నంబర్ చదివి చెప్పారు నాన్న. స్తంభం మీది అంకె చిరునామా ఎలా అవుతుందని వాడికి ఆశ్చర్యం.

ముప్పావు గంటకు ఉస్తాద్ స్కూటర్ మీద వచ్చాడు. అరవై దాటిన మనిషి. అప్పటికి ఇంజన్ చల్లారింది. పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకులో కూలెంట్ పై గీతదాకా ఉంది. రోజూ పొద్దున నాన్న చూసి తృప్తిపడుతున్నది దాన్నే. రేడియేటర్ మూత తీస్తే మాత్రం లోపల వేలికి తడి అంటలేదు. మూత రబ్బరు చిట్లిపోయి ట్యాంకులోది వెనక్కి రావడం లేదు, పంప్ మార్చినప్పుడు చేరిన గాలి లోపలే ఉండిపోయింది.

"నువ్వు గాలి తీయలేదా?" అన్నాడు మావాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఉస్తాద్ నవ్వి, "తీశాననే అనుకున్నాను, చిన్నా" అన్నాడు. ఆయిల్ పుల్ల బయటికి లాగి వాడికి చూపించాడు: ఆయిల్ పాలు కలిపిన టీలా మారితే, ఆయిల్‌లో కూలెంట్ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. అలా లేదు. కొత్త మూత, కూలెంట్ సీసా తెచ్చుకున్నాడు. సీసా చూసి వాడు "ఇది యాంటీఫ్రీజ్" అన్నాడు, నాన్న "కూలెంట్ రా" అన్నారు. సగం నీళ్ళు కలిపితే మైనస్ 35 దాకా గడ్డకట్టనిదీ, ఇక్కడి ఎండలో మరగనిదీ ఒకటే సీసా. ఇక్కడో ఉపమానం చెప్పాలని నా నాలుక దురదపెట్టింది. వాడికి ఉపమానాలు పడవు, ఊరుకున్నాను.

మూత తీసి ఉంచి ఇంజన్ నడిపిస్తూ, పై గొట్టాన్ని నొక్కుతూ వదులుతూ పోశాడు ఉస్తాద్. బుడగలు గుబగుబమని వచ్చాయి. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం గబుక్కున దిగింది. మళ్ళీ పోశాడు. లోపల హీటరు దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్న వాడు "వచ్చింది, వేడి వచ్చింది!" అని కేకేశాడు. బుడగలు ఆగాక కొత్త మూత బిగించాడు. దానికీ సీసాకే డబ్బు తీసుకున్నాడు, కూలి వద్దన్నాడు.

దారిలో వాడికి క్లాసు తీసుకున్నాను, పెద్దవాళ్ళను "మీరు" అనాలని. "నాతో ఎవరూ మీరు అనరుగా, ఎలా వస్తుంది?" అన్నాడు. జవాబు దొరకలేదు. వాడు తెలుగు వినేది మా ఇంట్లోనే, మేం వాడితో అనేది "నువ్వు"నే. ఆదివారం తెలుగు తరగతిలో అచ్చులూ హల్లులూ వచ్చాయి గాని ఈ ముక్క రాలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ చల్లటి ఇంజన్ ముందు నిలబడ్డారు. వాడు ట్యాంకు మీద పెన్నుతో గీత గీసి తేదీ రాసి, "తాతయ్యా, మీరు మూత పట్టుకోండి" అన్నాడు.

నాన్న ఇంటిలోపలికి తిరిగి, "ఏమిటే వీడు, నన్ను పరాయివాణ్ణి చేశాడు?" అని కేకేశారు.