గుడ్లు సరే, రెట్ట సంగతేంటి?

నాటుకోళ్లు పెంచుతున్నామంటే అందరూ గుడ్ల గురించే అడుగుతారు. అసలు పనంతా రెట్టతోనే! పొద్దున్నే గంప ఎత్తితే చాలు, వాకిలంతా అదే. మొన్న మా చంటిది కోడిపిల్లను నిమిరి, అదే చెయ్యి నోట్లో పెట్టుకోబోయింది. "మేమంతా కోళ్ల మధ్యే పెరిగాం, ఏమైందీ?" అన్నారు అత్తయ్య. ఎదురు చెప్పలేదు, చెయ్యి మాత్రం సబ్బుతో కడిగాను. రెట్టలో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉన్న కోడి కూడా పైకి నిక్షేపంలా ఉంటుంది. మేత తింటుంది, గుడ్లు పెడుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకూ, పెద్దవాళ్లకూ అది సోకితే ఒక్కోసారి విరేచనాలు, జ్వరంతో ఆగదు.

మా ఇంట్లో గూటి దగ్గరికి వెళ్లే చెప్పులు వేరు, అవి గడప దాటవు. ఊడ్చేముందు కాస్త నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటా. ఎండిన రెట్ట దుమ్ము పీల్చకూడదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చికెన్ మానేసినవాళ్లే, చచ్చిన కోడిని ఉత్త చేతులతో ఎత్తి కాలవలో పడేశారు! బాగా ఉడికిన కూర కంటే అదే ప్రమాదం. వరసగా కోళ్లు చస్తుంటే ముందు పశువుల డాక్టరుకు చెప్పాలి.

కొక్కెర తెగులు టీకాలు ఈ వారమే. కోళ్లను పట్టుకునే డ్యూటీ మా ఆయనది.