నాలుగడుగుల గుమ్మం

2019 క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు బేత్లెహేములో, యేసు పుట్టిన చోట కట్టిన గుడి ముందు క్యూలో ఉన్నాం, నేనూ మా అత్తయ్యా. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే నడుం వంచి గోడలోకి మాయమైపోతున్నారు. గుమ్మం ఎత్తు నాలుగడుగులే. దాని పైన, రాళ్ళ మధ్య, పాత పెద్ద ద్వారం ఆనవాళ్ళు కనిపిస్తాయి. గుర్రాల మీద, బళ్ళతో లోపలికి దూసుకురాకుండా తర్వాతి కాలంలో దాన్ని మూసుకుంటూ వచ్చారట. గైడ్ ఇదంతా చెబుతుంటే నా చెవికి ఎక్కడం లేదు. నోరు ఎండిపోతోంది.

ఒకసారి లిఫ్టులో ఇరుక్కుపోయి చాలాసేపు చీకట్లో ఉండిపోయాను. అప్పటినుంచి ఇరుకు చోటంటే నాకు టెన్షన్. ఇక్కడ గుమ్మం దాటితే సరిపోదు, నేల కిందున్న గుహలోకి దిగాలి.

ముందురోజు బేత్లెహేము పక్కనున్న బేత్ సాహూరులో గొర్రెల కాపరుల పొలం చూశాం. యేసు పుట్టాడని దేవదూత కాపరులకి చెప్పింది అక్కడేనంటారు. అక్కడినుంచి దూరంగా, తల నరికేసిన శంకువులా ఒక కొండ కనిపిస్తుంది. హేరోదియం. హేరోదు రాజు ఆ కొండ మీద కోట కట్టి, చుట్టూ మట్టి పోయించి ఇంకా ఎత్తు చేయించాడు. అతని సమాధి దొరికిందని ఎహుద్ నెట్జర్ అనే పురావస్తు శాస్త్రవేత్త 2007లో ప్రకటించింది కూడా అక్కడే. సింహాసనం పోతుందన్న భయంతో భార్యనీ, ముగ్గురు కొడుకుల్నీ చంపించిన మనిషి. మత్తయి సువార్తలో, శిశువు పుట్టాడని విని కలవరపడిన రాజు ఇతనే. పొలంలో కాపరులూ భయపడ్డారు. ‘వారు మిక్కిలి భయపడిరి’ అని లూకా తన సువార్తలో దాచకుండా రాశాడు. ఆ ‘మిక్కిలి’ని నేను ఎన్నో క్రిస్మస్‌లు చదువుతూ దాటేశాను. మరియకి, యోసేపుకి, బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యాకి, కాపరులకి, అందరికీ దూత ముందుగా ‘భయపడకు’ అనే చెప్పాల్సి వచ్చింది. అంటే అందరూ హడలిపోయి ఉన్నారన్నమాట. నాటకాల్లో మాత్రం కాపరులు తలపాగాలు చుట్టుకుని నవ్వుతూ వచ్చేస్తారు.

ఎలాగో గుమ్మం దాటాను. లోపల పెద్ద హాలు, వరసగా స్తంభాలు, కాస్త ఊపిరి ఆడింది. గుహ మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాళ్ళు కదల్లేదు.

“అత్తయ్యా, మీరు వెళ్ళి రండి. నేనిక్కడే ఉంటాను.”

ఆవిడ మెట్ల వైపు చూశారు. అరిగి, నున్నబడి మెరుస్తున్న రాతి మెట్లు. “నా మోకాళ్ళతో నేనొక్కదాన్నే దిగితే పడతానమ్మా. నాకూ భయంగానే ఉంది,” అన్నారు. వెనకాల జనం తోస్తున్నారు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, వాక్యం చదివే గొంతుతో, “వెళ్లి చూతము రండి,” అన్నారు. కాపరులు ఒకరితో ఒకరు అనుకున్న మాట అది.

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మొదటి మెట్టు దిగాను. గుండె దడ తగ్గిందని చెప్పను, తగ్గలేదు. ఎవరు ఎవర్ని పట్టుకున్నామో తెలియకుండానే ఒక్కో మెట్టూ దిగాం.

కింద మైనం వాసన, ఉక్క. పాలరాతి నేలలో, యేసు పుట్టిన చోటుకి గుర్తుగా, 14 కోణాల వెండి నక్షత్రం, పైన వేలాడే దీపాలు. నక్షత్రం నడుమ గుండ్రటి రంధ్రం. అత్తయ్య మోకాళ్ళూనలేక ఒక పక్కకి ఒరిగి కూర్చుని అందులో చెయ్యి పెట్టారు. తర్వాత నేను. వేళ్ళకి చల్లటి రాయి తగిలింది. ప్రార్థన చేయాలని ఎన్నో అనుకుని వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు, లేవమని.

అవతలి మెట్లెక్కి బయటికొచ్చాక చూసుకుంటే నా మణికట్టు మీద అత్తయ్య గోళ్ళ గుర్తులు నాలుగు ఎర్రగా కనిపించాయి. ఆవిడ వాటిని చూసి కంగారుపడి, “అయ్యో, చెప్పొచ్చుగా!” అన్నారు.