గుడ్డుకి ఎలా తెలుస్తుంది?

నులిపురుగుల దినం నాడు బడిలో ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తూ "మింగకండి, నమలండి" అని చెబుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మాత్ర చేతిలో పట్టుకుని అడిగింది: "టీచర్, కడుపులో మంచి బ్యాక్టీరియా ఉంటాయన్నారు కదా, ఇది వేసుకుంటే అవీ చచ్చిపోతాయా?"

ఇది యాంటీబయాటిక్ కాదమ్మా, పురుగు కణాల్లో ఉండే ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ని దెబ్బతీస్తుంది, దాంతో పురుగు గ్లూకోజ్ తీసుకోలేక చస్తుంది అని చెప్పాను. ఆ పిల్ల నమిలేసింది. బ్యాక్టీరియాకీ పురుగుకీ ఉన్న సంబంధం చెప్పకుండా నాకే మనసు ఆగలేదు. మధ్యాహ్నం పీరియడ్‌లో బోర్డు మీద నులిపురుగుల్లో ఒక రకమైన కొరడా పురుగు గుడ్డు బొమ్మ వేశాను. డోలు ఆకారం, రెండు చివరలా బిరడాలు.

ఈ గుడ్డు మలంతో బయటికొచ్చి తడిమట్టిలో రెండు మూడు వారాలకు ముదురుతుంది. మట్టి చేతులతోనో, కడగని కూరగాయలతోనో నోట్లోకి వెళుతుంది. కానీ దారిలో ఎక్కడా పగలకుండా, పెద్దపేగు దగ్గరికి చేరాకే ఎందుకు పగులుతుంది? 2010లో మాంచెస్టర్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఉండే కొరడా పురుగు మీద ఇది తేల్చారు. ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర, పేగులో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా తమ సన్నని నూగుతో ఆ బిరడాలకు అతుక్కుంటే గుడ్డు పగిలింది. యాంటీబయాటిక్ ఇచ్చి పేగులో బ్యాక్టీరియా తగ్గించిన ఎలుకల్లో పురుగులు బాగా తక్కువగా నిలిచాయి.

తీపి తింటే పురుగులు పడతాయని మా అమ్మ బెల్లం డబ్బా అటక మీద దాచేది. పురుగు బెల్లంలోంచి పుట్టదు. గుడ్డు మట్టిలోంచి వస్తుంది, ఎలుకల్లోనైతే దాన్ని నిద్రలేపేది పేగులోని బ్యాక్టీరియాయే. ఇది తెలిసిన రోజు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది.

2018లో మాంచెస్టర్ పరిశోధకులే ఇంకో మాట చెప్పారు. పుట్టిన పురుగు తన పేగులోకి ఎలుక బ్యాక్టీరియానే తెచ్చుకుంటుంది. పైగా పురుగులు స్థిరపడ్డ పేగులో బ్యాక్టీరియా మారిపోయి, తర్వాత వచ్చే గుడ్లు సరిగా పగలవు. ఉన్నవాటికి చోటు మిగులుతుంది.

"అయితే యాంటీబయాటిక్ వేసుకుంటే పోదా టీచర్?" అని వెనక బెంచీ అబ్బాయి. అస్సలు వద్దన్నాను. మనకు కావలసిన బ్యాక్టీరియా పోతాయి, పెరిగిన పురుగు మాత్రం కదలదు. పైగా కొరడా పురుగుకి ఒక్క ఆల్బెండజోల్ మాత్ర అంతగా పనిచేయదు, ఏలికపాములకు పనిచేసినట్టు. అందుకే ఆ సాయంత్రం మరుగుదొడ్డి కుళాయి దగ్గర సబ్బు పెట్టించాను. ఇప్పటికి మూడు సబ్బులు అరిగాయి.