డ్రాప్ నొక్కకముందు

మంగళవారం, రాత్రి

కోర్సులు మార్చుకోవడానికి ఇవాళే ఆఖరి రోజు. ఉదయం మా యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసు తలుపు తీసేసరికే బయట ఏడుగురు నిలబడి ఉన్నారు. చాలావరకు రెండు నిమిషాల పనులే. ఒకరికి ఐ-20 (చదువు కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం కావాలి. ఇంకొకరు ఇల్లు మారారు, 10 రోజుల్లోపు కొత్త చిరునామా నమోదు కావాలి. లైబ్రరీలో పనిచేసే అబ్బాయికి వారానికి 20 గంటల పరిమితి పరీక్షల వారంలో కూడా వర్తిస్తుందా అని సందేహం. వర్తిస్తుందని చెప్పాను.

వీసా గడువు వచ్చే నెల ముగుస్తుందని ఒకమ్మాయి రాత్రంతా ఏడ్చిందట. వీసా అమెరికాలోకి రావడానికి, స్టేటస్ ఇక్కడ ఉండడానికి. ఐ-20 గడువులో ఉంటూ చదువు సక్రమంగా సాగిస్తున్నంతకాలం, ఇక్కడ ఉండగా వీసా గడువు ముగిసినా ఆమె చదువుకు అడ్డు లేదు. సెలవులకు ఇంటికి వెళితే మాత్రం తిరిగి రావడానికి కొత్త వీసా తీసుకోవాలి. ఇది చెప్పగానే ఆమె ముఖం తేటపడింది. ఇంత చిన్న మాట ఎవరూ ముందే ఎందుకు చెప్పలేదో!

మధ్యాహ్నం ఎంఎస్ మొదటి సంవత్సరం అబ్బాయి వచ్చాడు. కళ్ల కింద నలుపు, చేతిలో మడతలుపడ్డ కాగితం.

"మేడం, ఒక కోర్సు వదిలేద్దామనుకుంటున్నాను. ఏమీ కాదని సీనియర్లు అన్నారు. అయినా మిమ్మల్ని ఒకసారి అడుగుదామని..."

"ఇంకా వదల్లేదు కదా?"

"లేదండి."

అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు. మా దగ్గర పీజీ విద్యార్థికి సెమిస్టరుకు 9 క్రెడిట్లు ఉండాలి. మా అనుమతి లేకుండా 6కు దిగితే స్టేటస్ పోయినట్టే. అదే అనారోగ్యం కారణమని డాక్టరు ఉత్తరం తెస్తే, కోర్సు వదలకముందే, విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ సెవిస్‌లో అనుమతి నమోదు చేయవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో ఇలా మొత్తం 12 నెలల వరకు వెసులుబాటు ఉంది. నెల రోజులుగా నిద్ర లేదని అతను క్యాంపస్ డాక్టరును ఇప్పటికే రెండుసార్లు కలిశాడు. ఆ సంగతి నాకు తెలిస్తే తనను వెనక్కి పంపేస్తారేమోనని దాచాడు! నాలుగున్నరకు ఉత్తరం తెచ్చాడు. అనుమతి నమోదు చేశాక నా ఎదుటే డ్రాప్ నొక్కాడు.

అతను వెళ్లాక పోయిన ఏడాది వచ్చిన అమ్మాయి గుర్తొచ్చింది. ఆమెదీ ఇదే పరిస్థితి, ఇదే భయం. కాకపోతే ముందు కోర్సు వదిలేసి, మూడు వారాల తర్వాత వచ్చింది. పాత తేదీతో అనుమతి ఇవ్వడం కుదరదు. స్టేటస్ పునరుద్ధరణకు 5 నెలల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పాను. ఫలితం కోసం నెలలు ఎదురుచూడాలి, ఆలోగా ఉద్యోగం చేయడానికి లేదు. ఆమె ఇంటికి వెళ్లిపోయింది. సెవిస్‌లో ఆమె స్టేటస్ పోయిందని నమోదు చేసినది నేనే. "మీరు మా వైపు ఉంటారనుకున్నాను" అంది వెళ్లేముందు.

ఉన్నాను. కాని సాయం చేసేదీ నేనే, తప్పిన సంగతి ప్రభుత్వానికి తెలియజేయవలసినదీ నేనే. ముందు వస్తే నా చేతిలో నాలుగు దారులుంటాయి, తర్వాత వస్తే ఆ నమోదు ఒక్కటే మిగులుతుంది. దీన్ని తొలిరోజు పరిచయ సమావేశంలో నలభై నిబంధనల మధ్య ఒకటిగా చదివేశాను. ఆ పిల్లలకు అప్పటికి విమానం బడలికే తీరి ఉండదు. జనవరిలో కొత్తవాళ్లు వచ్చినప్పుడు ఆ జాబితా పక్కన పెట్టి, ముందుగా ఇదే చెబుతాను. ఆ అమ్మాయి అన్న మాటతో సహా.

అబ్బాయికి గురువారం మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఈ రాత్రయినా కాస్త నిద్రపోతే బాగుండు.