పాలరోగానికి రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ: నా అనుభవం

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. నాలుగో జ్వరం దాటిన పంటలో (పురుగు కుబుసం విడిచే సమయాన్ని రైతులు జ్వరమనే అంటారు) ఒక్క పురుగు ఆకు మానేసి తట్ట అంచు పట్టుకుని తిరుగుతోందంటే చాలు, అమ్మ ముఖం మారిపోయేది. మర్నాటికి దాని కణుపుల మధ్య చర్మం ఉబ్బేది. వేలు తగిలితే పగిలి, పాలలాంటి ద్రవం కారేది. అదే పాలరోగం. పుస్తకాల్లో గ్రాసరీ అని ఉంటుంది. అలాంటివాటిని అమ్మ ఏరి సున్నం వేసిన డబ్బాలో పడేసేది. కొన్నేళ్ల తర్వాత పరిశోధన విద్యార్థినిగా నేను చేసిన పని, ఆరోగ్యంగా ఉన్న పురుగులకు ఏరికోరి ఆ రోగాన్నే తినిపించడం. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి చాలాకాలం ధైర్యం చాలలేదు.

ఆ పాల చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే గాజుపూసల్లా మెరిసే స్ఫటికాలు కనిపిస్తాయి. బీఎంఎన్‌పీవీ అనే వైరస్ వాటిలోనే దాక్కుని ఉంటుంది. అది డీఎన్‌ఏ వైరసే అయినా, పురుగు కణంలో దాని ఆజ్ఞలు అమలు కావాలంటే ఆర్‌ఎన్‌ఏ సందేశంగా మారక తప్పదు. మేము దెబ్బ కొట్టాలనుకున్నది ఆ సందేశాన్నే. కణంలో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే డైసర్ అనే ఎంజైము దాన్ని ఇంచుమించు 21 అక్షరాల ముక్కలుగా నరుకుతుంది. ఆర్గోనాట్ అనే ప్రోటీను ఆ ముక్కలోని ఒక పోగును చేతపట్టుకుని, దానికి జత కుదిరే సందేశం ఎక్కడుందో వెతికి తెగ్గొడుతుంది. కణంలోకి రాగానే వైరస్ మేల్కొలిపే తొలి జన్యువుల్లో ఒకటైన ఐఈ1ను గురిగా ఎంచుకున్నాను. పోలిక కోసం జెల్లీఫిష్ నుంచి వచ్చిన జీఎఫ్‌పీ జన్యువుకు సరిపోయే ఆర్‌ఎన్‌ఏ కూడా సిద్ధం చేశాను. పురుగుకు దానితో ఏ సంబంధమూ లేదు.

ఆర్‌ఎన్‌ఏ తయారీ గురించి ఎక్కువ చెప్పను. మొదటి మూడుసార్లూ ఆర్‌ఎన్‌ఏను పొడవును బట్టి విడదీసి చూపే జెల్ మీద ఒక్క గీత రావలసిన చోట పొగలాంటి మరక వచ్చింది. అందరూ చేతులు పెట్టే పిపెట్ టిప్పుల డబ్బా వాడటమే నా తప్పు. మన చర్మం మీద కూడా ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములు ఉంటాయి. నా డబ్బా మీద నా పేరు రాసి బీరువాలో దాచుకున్నాకే గీత నిలిచింది.

రైతుకు పనికొచ్చే పద్ధతి ఆకు మీద పూయడమే కదా అని అలాగే మొదలుపెట్టాను. రెండు తట్టల్లోనూ పురుగులు ఒకేలా చచ్చిపోయాయి. మోతాదు చాలలేదనుకుని రెట్టింపు చేశాను, తర్వాత పదింతలు చేశాను. నెల గడిచింది, ఖరీదైన రసాయనం అయిపోయింది. అప్పుడు మా గైడు అడిగారు: "అది పేగులోకి వెళ్లాక మిగిలి ఉందో లేదో ఎప్పుడైనా చూశావా అమ్మా?"

చూడలేదు. పురుగు నోటి నుంచి జీర్ణరసం రాబట్టి, అందులో ఆర్‌ఎన్‌ఏ కలిపి, కాసేపాగి జెల్ మీద నడిపాను. గీత లేదు. పట్టుపురుగు పేగురసం ఘాటైన క్షారం. పైగా రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైము అందులోనే ఉంది. నాకు ఒళ్లు మండించిన విషయం మరొకటి. వైరస్ స్ఫటికం కరిగి లోపలి వైరస్ బయటపడేది కూడా ఆ క్షారంలోనే. నా మందును కాల్చేసిన రసమే శత్రువుకు తలుపు తీసింది.

ఇక మిగిలింది సూది. పురుగును మంచు మీద పెట్టి కదలిక తగ్గాక, సన్నని గాజు సూదిని కణుపుల మధ్య ఏటవాలుగా గుచ్చాలి. లోతు ఎక్కువైతే పేగు చిరుగుతుంది. రక్తం బొట్టు బయటికొస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. తొలి విడతలో వైరస్ తగలకముందే నా చేతి మొరటుతనానికి సగం పోయాయి. అందుకే ఆ తర్వాత ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించిన తట్ట కూడా ఒకటి పెట్టాను. ఒకరోజు ఆగి, ఆకలితో ఉంచి, వైరస్ పూసిన చిన్న ఆకుముక్క ఇచ్చాను.

జీఎఫ్‌పీ తట్టలో అయిదో రోజున పాలు కనిపించాయి. ఐఈ1 తట్టలో ఏడో రోజు దాకా ఏమీ లేదు. ప్రయోగశాలలో స్వీట్లు పంచాను. తొందరపడ్డాను. తొమ్మిదో రోజుకు అందులోనూ చాలావరకు అంచులు పట్టుకుని తలకిందులుగా వేలాడాయి. నులిపురుగుల్లోలా ఆర్‌ఎన్‌ఏను నకళ్లు తీసి పెంచుకునే ఏర్పాటు పట్టుపురుగులో లేదు. ఎక్కించింది ఖర్చవుతూ ఉంటుంది, వైరస్ పెరుగుతూ ఉంటుంది. హైదరాబాదులోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం ఆ ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే జన్యువునే పురుగు వారసత్వంలో ఎందుకు పెట్టిందో అప్పుడు అర్థమైంది. 2013లో వచ్చిన వాళ్ల పత్రంలో ఒకటి కాదు, పలు వైరస్ జన్యువులను ఒకేసారి గురిపెట్టారు. నేను దాన్ని మొదట్లోనే చదివాను. సూదితో తేలిగ్గా అయిపోయే పనికి ఇంత హంగామా ఎందుకని కూడా అనుకున్నాను.

నా తట్టలో కొన్ని మాత్రం బతికి, గూడు కట్టుకునే చట్రమైన చంద్రిక ఎక్కాయి. గూళ్లు పూర్తయిన రోజు రాత్రి అమ్మకు ఫోను చేసి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"గూళ్లు కట్టాయా?"

"కట్టాయమ్మా."

"నొక్కితే గట్టిగా ఉన్నాయా, మెత్తగా ఉన్నాయా?"

నేను నొక్కి చూడలేదు. బతికినవెన్ని, పోయినవెన్ని అన్నదే రాసుకున్నాను. రోగం సోకిన తట్ట కాబట్టి, నిబంధన ప్రకారం గూళ్లన్నీ ఆ సాయంత్రమే, క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌లో ఉడికిపోయాయి. మర్నాడు నోటుపుస్తకంలో రెండు కొత్త గడులు గీశాను: గూడు బరువు, పట్టు పొర బరువు.